ఉస్తాద్ నేసిన సగం

వరంగల్ కొత్తవాడలో మా కబడ్డీ జట్టును పద్దెనిమిదేళ్లు ఒక్కడే నడిపాడు. అందరం ఉస్తాద్ అనే పిలిచేవాళ్లం. ఆయనది సైకిల్ దుకాణం, మేమంతా జంపఖానాలు నేసేవాళ్లం. రోజుకు ఒక్కసారైనా మమ్మల్ని తిట్టకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. బాగా ఆడావని ఎవరినైనా మెచ్చుకోగా నేను వినలేదు.

జట్టును ఏరడానికి ఆయన మగ్గాల వెంట తిరిగేవాడు. జంపఖానా మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఇనప పంజాలతో నూలును ఒకే ఊపున కొట్టాలి. ఒకడి దెబ్బ తేలిపోతే అటు పక్క నేత వదులవుతుంది. దెబ్బలు కలిసిన ఇద్దరినే ఉస్తాద్ మైదానంలో చేయీ చేయీ పట్టించి నిలబెట్టేవాడు. కూతకు వచ్చినవాడు ఆ పట్టులో పడితే గీత దాటడం కల్ల. డెబ్బైలలో చుట్టుపక్కల వాడలన్నీ మాకు జంకేవి. నేను గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి.

ఎనభైలలో పని తగ్గి, నా మగ్గం జోడీ భీవండి మరమగ్గాలకు పోయాడు. ఆ వారమే ఉస్తాద్ నన్ను ఆటలోంచి తీసేశాడు. నాకు ఒళ్లు మండి నేరుగా దుకాణానికి పోయాను.

"నేనేం తప్పు జేసిన ఉస్తాద్?"

"తప్పేం లేదు బిడ్డా. నీ చెయ్యి ఇంకా వాన్నే దేవులాడుతాంది. గట్ల ఆడితే కాలో చెయ్యో ఇరుగుతది."

మర్నాడు పొద్దున్నే వచ్చి, మగ్గం మీద వాడి చోట కూర్చున్నాడు. పంజా పట్టుకోవడం కూడా రాదు.

"నువ్వు కొట్టు, నీ ఎంబడే నేను కొడత," అన్నాడు.

పొద్దుటి పూట దుకాణం కట్టేసి నెల రోజులు వచ్చాడు. పంక్చర్లయిన వాళ్లు అక్కడికే వచ్చి ఆయన్ని తిట్టిపోయేవారు. చివరికి ఒకనాడు మా దెబ్బలు కలిశాయి. "ఇగ ఆడుపో," అని లేచి, ఆ సాయంత్రమే నన్ను కొత్త జోడీతో నిలబెట్టాడు.

మేమిద్దరం నేసిన జంపఖానా చూసి, సరుకు కొనే సేటు మొహం చిట్లించాడు. ఒక సగం బిగువు, ఒక సగం వదులు. ఎవరు కొంటారన్నాడు. నేనే ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లకు ఉస్తాద్ పోయాడు. జట్టూ ఎక్కువ కాలం నిలవలేదు. ఆ తిట్లు ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. మధ్యాహ్నం అన్నం తిని ఆ జంపఖానా మీదే, నా సగంలో నడుం వాలుస్తాను. రెండో సగంలో ఎవరినీ కూర్చోనివ్వను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. మెలకువ వచ్చి చూసుకుంటే నా చెయ్యి ఆ వదులు నేత మీదే ఉంటుంది.