షాఫ్ట్ విప్పింది మా బావే

"తమ్మీ, మీ బావ ఇగ లేడురా" అని పోయిన నెల కరీంనగర్ నుంచి అక్క ఫోన్ చేసింది. పరుగున వెళ్లేసరికి వాకిలి నిండా జనం. లారీ డ్రైవర్లు, పాత గిరాకీలు, పక్క షెడ్డువాళ్లు, అందరూ ఏడుస్తున్నారు. చావింట్లో కూడా నాకు కడుపు మండింది. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాను. దాచడమెందుకు, ఇది నాకు ముప్పై ఏళ్ల జబ్బు.

ఇద్దరం మెకానిక్‌లమే. ఆయన షెడ్డు కరీంనగర్‌లో, నాది ఖానాపూర్‌లో. ఆయన బాగుచేసిన బండి మళ్లీ రాదు. నేను చేసినవి చుట్టాల్లా వస్తూనే ఉండేవి. స్పానర్లు నూనెగుడ్డతో తుడిచి వరసగా పేర్చనిదే అన్నానికి లేచేవాడు కాదు. అది చూసినా నాకు ఒళ్లుమంటే.

ఒకసారి ఆదిలాబాద్ పత్తి సేఠ్ కారు మా ఊరి దగ్గర ఆగిపోయింది. రెండే సీట్ల పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారు, సేఠ్‌కు ప్రాణం. కబురు నాకొచ్చింది, బావకు కాదు! ట్రాక్టర్లు గుంజిన అలవాటే కదా, క్రేన్ బండితో ముందు చక్రాలు లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టాను. వెనక చక్రాలను రోడ్డు మీదే వదిలి విడిభాగాలు దొరికే కరీంనగర్ దాకా లాగేద్దామనుకున్నాను.

ఆ రోజు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన బావ నా వెంటే వచ్చాడు. సేఠ్ చాయ్ తాగడానికి వెళ్లగానే నన్ను పక్కకు పిలిచాడు.

"గీ కారును నడిపేటియి ఎనుక చక్రాలేరా. అవి తిరిగితే గేర్‌బాక్సు తిరుగుతది. ఇంజన్ బంద్ ఉంటే లోపల నూనె పైకెక్కది. ఆడికి పోయేవరకు అంత కాలిపోతది."

"మరెట్ల బావా? కారును మీదేసుకొని పోయే బండి గీడ దొరకది."

"ఫికర్ చెయ్యకు. షాఫ్ట్ ఇప్పుదాం. చక్రాలు తిరిగినా గేర్‌బాక్సు తిరగది."

చొక్కా విప్పి నా చేతికిచ్చి కారు కిందికి దూరాడు. తిరిగి అలాగే బిగించాలని ముందు సుద్దముక్కతో గీత గీశాడు. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్‌ను విప్పి, నూనె కారకుండా ఆ కంతకు గుడ్డ కట్టాడు. "తొందర ఉన్నోడు బండి గుంజొద్దు బామ్మర్దీ" అన్నాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనేదే.

సేఠ్ తిరిగి రాగానే బావ నూనె చేతులు వెనక్కి పెట్టుకుని, "మా బామ్మర్ది షాఫ్ట్ ఇప్పిండు. మస్తు తెలివైనోడు" అన్నాడు. నేనూ అవునన్నట్టు తలూపాను. ఆనాటి నుంచి పాత కార్లవాళ్లు మంథని దాకా నన్నే పిలిచారు. పేరు నాదైంది. కుళ్లు మాత్రం తగ్గలేదు. ఇచ్చినవాడు ఆయనే కదా!

చావుకు సేఠ్ అదే కారులో వచ్చాడు. ఇక ఆగలేక ఆయన చెయ్యి పట్టుకున్నాను. "సేఠ్, గా షాఫ్ట్ నేను ఇప్పలే. బావ ఇప్పిండు."

"ఎరికే. గా దినమే నాతోని చెప్పిండు. 'పేరు వానికే ఉండనియ్యి సేఠ్, వాని షెడ్డు నిలవడాలె' అన్నడు."

ఇంత మంచితనం నాకెందుకు లేదని మళ్లీ కుళ్లుకున్నాను. ఈసారి ఏడుస్తూ.

సేఠ్ కారెక్కాడు. జనం దారి ఇచ్చారు. ఎర్ర కారు గల్లీలో మెల్లగా కదిలింది, గేరు మారింది. ఆ గేర్‌బాక్సు నుంచి చప్పుడే రాలేదు.