మార్చకుండా మిగిలిపోయిన నాలుగోచోటు

ఈ రోజు మధ్యాహ్నమంతా మా కాలేజీ కంప్యూటర్ గదిలో నేనూ, నాతో పనిచేసే ఓబులేసూ బోనులో పడినట్టు కూర్చున్నాం. మా కంప్యూటర్‌లో ఫైలు పేరు పద్నాలుగు అక్షరాలు దాటితే తెగిపోతాది. పిల్లోళ్లు ఇంగ్లీషులో బుక్కరాయసముద్రం అని పెడితే చివర ముక్క ఉండదు. పేర్లు పొడుగు చేద్దామని, ఫైళ్లను డిస్కులో సర్దిపెట్టే ఫైల్‌సిస్టమ్ కోడ్ మార్చినాం. పేరు చదివేచోట, రాసేచోట, చెరిపేచోట మార్చి, డిస్కులోని పాత పేర్లన్నీ కొత్త కొలతకు తెచ్చినాం. అంతలో కరెంటు పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. కరెంటొచ్చి కంప్యూటర్ దానంతటదే లేస్తానే డిస్కును తనిఖీ చేసే ప్రోగ్రాము ఒకటుండాది. దాన్ని మార్చనేలేదు. అది పాత కొలతతో చూసి, అన్నీ చెడిపోయినాయనుకుని పిల్లోళ్ల ప్రాజెక్టులన్నీ తుడిచేస్తాది.

"కరెంటొచ్చేలోపల ప్లగ్గు పీకేయప్పా!" అని అరిచినాను.

పీకినాడు. పీకి, నా వైపు చూసినాడు. "పెడితే ఫైళ్లు పోతాయి. పెట్టకుంటే సరిచేసేదెట్లక్కా?"

కరెంటొచ్చినా ప్లగ్గు ముట్టే ధైర్యం ఇద్దరికీ లేదు. సాయంత్రానికి తట్టింది, కొత్త సిస్టమ్ కాపీ ఒక ఫ్లాపీలో ఉండాదని. తనిఖీ జరగకుండా దాంతో కంప్యూటర్‌ను లేపి, ఆ నాలుగోచోటు కూడా మార్చినాం. ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి.

ఇంటికొచ్చి ఇది రాస్తాంటే వాకిట్లో సైకిల్ బెల్లు. ఓబులేసు దిగను కూడా దిగలేదు.

"అక్కా, రోజూ రాత్రి ఫైళ్లకు నకళ్లు తీసే బ్యాకప్ ప్రోగ్రాము కూడా పేర్లు చదువుతాది గదా? దాన్నీ మార్చలేదే!"

చెప్పులేసుకుంటాండాను. మీరైతే పోతారా, రేపు చూద్దాంలే అని పడుకుంటారా?