చెయ్యెత్తే ఆంజినప్ప

ఆంజినప్పకు ఒకటే జబ్బు, చెయ్యెత్తడం. "ఈ పని ఎవరు చేస్తారు?" అని అడిగాక చెయ్యెత్తేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఆంజినప్ప అంతసేపు ఆగడు. "ఈ పని..." అనేలోపే ఆయన కుడిచెయ్యి గాల్లో ఉంటుంది. ఒక్కోసారి నేను గొంతు సవరించుకున్నా లేచేస్తుంది. అది ఏ పనో, తనకు వచ్చో రాదో, ఆ రోజు తాను ఊళ్లో ఉంటాడో ఉండడో ఆయనకు అనవసరం. ముందు చెయ్యి, ఆ తర్వాతే విచారణ.

ఒకసారి గ్రామ సచివాలయం నుంచి ఒక కుర్ర ఉద్యోగి వచ్చి వీధి జనాన్నంతా పోగుచేసి, "ఈ ఏడాది మీ వీధిలో చనిపోయినోళ్లు ఎవురైనా ఉండారా?" అని అడిగాడు. ఆంజినప్ప చెయ్యెత్తాడు.

ఆ అబ్బాయి ఎగాదిగా చూసి, "నువ్వా?" అన్నాడు.

"నేనే సార్. ఏం జెయ్యల్లో చెప్పండి, చేస్తా."

ఆ తర్వాత ఆయన బతికే ఉన్నాడని ఆ అబ్బాయికి నచ్చజెప్పేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు. నా పేరు జయరాం. బెళుగుప్ప పక్కన ఒక పల్లె హైస్కూల్లో పీఈటీని, స్కౌట్ మాస్టరును కూడా. నాకు ముక్కుమీద కోపమని పిల్లలు అంటారు. ఆంజినప్ప లేని ఊళ్లో ఉద్యోగం దొరికి ఉంటే నేను కూడా శాంతమూర్తిగానే బతికేవాణ్ని.

ఆయన గొర్రెల కాపరి. భుజాన కంబళి, చేతిలో కట్టె, ముఖాన ఎప్పుడూ ఏదో ఒక నవ్వు. కొడుకు భరత్ ఎనిమిదో తరగతి, మా స్కౌట్లలో ఒకడు. మా దగ్గర వంతుల పద్ధతి ఉంది. స్కౌట్లలో, గైడ్లలో చేరిన ప్రతి పిల్లవాడి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏడాదికి ఒక పని నెత్తిన వేసుకోవాలి. నీళ్లు మోయడమో, వంటో, నడకకు పిల్లల వెంట పోవడమో. ఏ పనీ చెయ్యని ఇంటి పిల్లలు క్యాంపుకు రాకూడదని పాత మాస్టరు పెట్టిపోయిన నియమం. దాన్ని వాడే అవసరమే నాకు ఎప్పుడూ రాలేదు. ఎవరి వంతూ రాకముందే అన్ని పనులూ ఆంజినప్ప చేతికే పోయేవి మరి.

పోతే పోయాయి, సరిగ్గా చేస్తాడా? టోపీలు చూసుకునే పని తీసుకున్నాడు. పిల్లల టోపీలు కలిసిపోతున్నాయనీ, గుర్తు పెడితే బాగుంటుందనీ నేనే అన్నాను. మరుసటి రోజుకల్లా ప్రతి టోపీ మీద గొర్రెలకు పూసే ఎర్రటి జాజు గుర్తు. అన్నిటికీ ఒకటే గుర్తు!

"ఏమప్పా, అన్నిటికీ ఒకటే గుర్తు బెడితే ఎవరి టోపీ ఎవరిదో ఎట్ల తెలుస్తాది?" అని అరిచాను.

"ఎవురిదైతే ఏం సార్? పక్కూరి మందలో కలిసిపోతే మనవని తెలుస్తాది గదా!"

మంద అంటే ఆయన దృష్టిలో పక్కూరి స్కౌట్లు. మా పిల్లలు ఇప్పటికీ ఎర్ర మచ్చలతోనే సెల్యూట్ చేస్తున్నారు.

ఇంకోసారి పిల్లల్ని గుట్టమీదికి నడకకు తీసుకెళ్లాం. వెంట ఉండే పని ఆంజినప్పదే అని వేరే చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం తిండి అయ్యాక పిల్లలు నీడన నడుం వాల్చారు. నేను నీళ్లు తేవడానికి కిందికి దిగి వచ్చేసరికి వాళ్ల చుట్టూ తుమ్మకంప కోటలాగా పేర్చి ఉంది. లోపల పిల్లలు నిద్రపోతున్నారు. కంప సందులో ఆంజినప్ప కట్టె ఊతగా ఒంటికాలి మీద నిలబడి కాపలా కాస్తున్నాడు.

"ఏందప్పా ఇది!"

"ఒగటీ తప్పిపోలేదు సార్," అన్నాడు గర్వంగా. తర్వాత నన్ను జాలిగా చూసి, "మీరు గూడా లోపలికి రాండి, ఎండగా ఉండాది," అని కంప పక్కకు జరిపాడు.

చివరికి ఆయన చెయ్యికి సంకెల వేయించింది జెండా. కొత్త హెడ్మిస్ట్రెస్ వనజాక్షి మేడం బదిలీమీద వచ్చిన వారంలోనే స్కౌట్ జెండా ఎగరేసే కార్యక్రమం పెట్టుకున్నాం. గైడ్లను చూసుకునేది కూడా ఆవిడే. జెండా కట్టే పని ఎవరు తీసుకున్నారో మీకు తెలుసు. జెండా ముడి తాడు లాగగానే ఊడాలి. ఆంజినప్ప వేసింది పొట్టేలును గుంజకు కట్టే ముడి. అది లాగేకొద్దీ బిగుస్తుంది. ముఖ్య అతిథి లాగారు. మేడం లాగారు. ఇద్దరూ కలిసి లాగారు. స్తంభం ఊగింది కానీ జెండా విచ్చుకోలేదు.

కింద నుంచి ఆంజినప్ప ధైర్యం చెబుతున్నాడు. "ఇంగా గట్టిగా లాగండి మేడం, భయం లేదు, నా ముడి యాడ ఊడుతాది!"

ఆ సాయంత్రమే మేడం నన్ను పిలిచి తేల్చేశారు. "ఇక నుంచి ఒక ఇంటికి ఒకటే పని. ప్రతి ఇంటివాళ్లూ మీటింగుకు వచ్చి, వాళ్ల నోటితో వాళ్లే చెప్పాలి. చెప్పని ఇంటి పిల్లలు లేపాక్షి క్యాంపుకు రారు. పాత నియమమే కదా, పాటిద్దాం."

లేపాక్షి క్యాంపంటే మా పిల్లలకు పెద్ద పండుగ. చుట్టుపక్కల జిల్లాల బడులన్నీ వస్తాయి. మా గైడ్ల నాయకురాలు నందిని దానికోసం ఏడాదిగా కవాతు నేర్పిస్తోంది. ఆ పిల్ల "సావధాన్!" అంటే వీధిలో పోయే ఆటోలు కూడా ఆగేవి.

మీటింగు రోజు వచ్చింది. ఆంజినప్ప భార్య సుంకమ్మ భలే గట్టి మనిషి. మొగుడి చెయ్యి లేవకుండా ఆవిడ ఒక ఉపాయం చేసింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను తెచ్చి ఆయన రెండు చేతుల్లోనూ పెట్టి, పక్కనే కూర్చుంది. ఆయనకు నీళ్ల పని ఇచ్చేశాం. ఇక ఆ ఇంటి వంతు అయిపోయింది. నాకు ప్రాణం హాయిగా ఉంది.

మేడం ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నారు. ఒకరు చెప్పులు కుడతామన్నారు, ఒకరు కట్టెలు తెస్తామన్నారు. "నందిని వాళ్లమ్మ, సిద్దమ్మ," అన్నారు మేడం.

సిద్దమ్మ వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొగుడు లేని మనిషి. తెల్లారకముందే మేస్త్రీ ఆటో ఎక్కి చీనీ తోటల్లో బత్తాయి కాయలు కోయడానికి పోతుంది. ఒక్కరోజు రాకపోతే మేస్త్రీ ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. మళ్లీ ఎప్పుడు పిలుస్తాడో దేవుడికే తెలియాలి. ఆమె తల వంచుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, "నా బిడ్డను..." అని మొదలుపెట్టింది.

గొర్రెపిల్ల గాల్లోకి లేచింది. జనం తలల పైన నాలుగు కాళ్లూ వేలాడేసి "మే" అంది.

"ఆంజినప్పా! మీ పని అయిపోయింది కదా?" అన్నారు మేడం.

"అయిపోయినాది మేడం."

"మరి చెయ్యెందుకు ఎత్తారు?"

"నేనెత్తలేదు మేడం. పిల్ల ఎగిరింది."

హాలంతా గొల్లుమంది. మేడం పెదవి బిగించి మళ్లీ పిలిచారు. "సిద్దమ్మా, చెప్పమ్మా."

గొర్రెపిల్ల మళ్లీ లేచింది. ఈసారి ఇంకా పైకి.

"ఆ గొర్రెను బయటికి పంపండి!" అన్నారు మేడం. నేను లేచి వెళ్లి పిల్లను లాక్కోబోయాను. అప్పుడు దగ్గర నుంచి చూశాను. ఆంజినప్ప మేడం వైపు చూడడమే లేదు. మెడ తిప్పి సిద్దమ్మ ముఖమే చూస్తున్నాడు. నవ్వు ఎటు పోయిందో, కళ్లనిండా కంగారు.

ఇంతలో ఇంకో చెయ్యి లేచింది. సుంకమ్మది.

"వంట పని నాకు రాసుకోండి మేడం, సిద్దమ్మ వంతులోకి."

"ఒక ఇంటికి ఒకటే పనమ్మా. మీ ఆయన తీసుకున్నాడు."

"ఒగ ఇల్లు యాడిది మేడం? ఈయప్ప పండేది గొర్ల దొడ్డిలో, నేను పండేది ఇంట్లో. పెండ్లయినప్పటి నుంచి మావి రెండిండ్లే!"

అప్పటిదాకా నవ్వని వనజాక్షి మేడం నవ్వేశారు. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "సరే, రెండిళ్లే," అన్నారు. ఆ తర్వాత మిగిలిన పేర్లు పిలవలేదు. కుదిరినవాళ్లు వచ్చి తనకు విడిగా చెబితే చాలన్నారు.

బయట నేను సుంకమ్మను పట్టుకున్నాను. "ఏందమ్మా, ఆయన చెయ్యెత్తకుండా చూస్తావనుకుంటే నువ్వే ఎత్తినావు?"

"ఏం జేసేది సార్? ఈయప్ప మీ మాట వినడు, మీ మొగం జూడడు. మీరు మీటింగులో నోరు తెరవంగానే ఎవురు తల దించుకుంటాండారో జూస్తాడు. మీ సూపు ఆడికి పొయ్యేలోపల చెయ్యెత్తెయ్యల్ల. లేకుంటే 'నాకు గాదు సార్' అని ఆ మనిషి అంతమంది ముందర చెప్పుకోవల్ల గదా. ఇంగ అది ఏం పనో వినేకి యాడ టైముంటాది?"

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదే?"

"చెప్తే వాళ్ల పేర్లు బయట పడవా? ఈడ చెయ్యెత్తొస్తాడు, ఆడ గొర్లు మేపేది నేను. ఇంట్లో తిడ్తానే ఉంటాలెండి."

నాకు ఆంజినప్ప మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. దాచుకోవడం ఎందుకు, ఇక్కడే చెప్పేస్తున్నాను. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. టోపీలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

లేపాక్షిలో క్యాంపు బాగా జరిగింది. సుంకమ్మ వంటకు పక్క బళ్లవాళ్లు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. గైడ్లందరిలోకీ మా నందినినే ఉత్తమురాలిగా ఎంపిక చేశారు. చివరి రోజు వేదికమీద తల్లో తండ్రో వచ్చి బిడ్డ భుజానికి బ్యాడ్జీ గుచ్చడం ఆ క్యాంపు ఆచారం. నందిని ముందే నా దగ్గరికి వచ్చి, "మా అమ్మకు పని ఉంటాది సార్. మీరే గుచ్చండి," అంది. మామూలుగా చెప్పినట్టే చెప్పి, ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ చివరి రోజు పొద్దున చూస్తే వంటశాలలో సుంకమ్మ లేదు! ఆంజినప్ప పొయ్యి దగ్గర కూర్చుని ఉప్మా కెలుకుతున్నాడు.

"సుంకమ్మ యాడప్పా?"

"రాత్రి బస్సుకు ఊరికి పోయినాది సార్."

"ఎందుకు?"

"ఏదో పనంట."

"క్యాంపు మధ్యలో వదిలేసి పోతారా ఎవరైనా? నీకు ఉప్మా వచ్చా?"

"చెయ్యెత్తినా గదా సార్," అన్నాడు. ఆ ఉప్మాను కత్తితో కోసుకుని తిన్నాం.

మధ్యాహ్నం సభ. నందిని పేరు పిలిచారు. ఆ పిల్ల వేదికెక్కి నిలబడింది. జిల్లా అధికారి మైకులో, "నందిని తరఫున ఎవరొచ్చారు? చెయ్యెత్తండి," అన్నారు.

చెయ్యెత్తండి అనే మాట ఆంజినప్ప చెవిన పడితే ఇంకేమైనా ఉందా? ఈయన వేదికెక్కి ఆ బ్యాడ్జీని ఏ పొట్టేలు ముడితో బిగిస్తాడో! ఒక్క దూకున పోయి ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. విచిత్రంగా ఆ చేతులు లేవలేదు. మెత్తగా నా చేతుల్లోనే ఉన్నాయి.

"ఇది మాత్రం నేను ఎత్తకూడదు సార్," అన్నాడు మెల్లగా. "ఎనక్కి జూడు."

షామియానా చివర, బస్సు దుమ్ముతో, రోజూ కట్టే చీరలోనే సిద్దమ్మ నిలబడి ఉంది. రొప్పుతోంది. చెయ్యెత్తాలా వద్దా అని భయం భయంగా సగం ఎత్తి ఆగింది.

"ఈమె ఎట్లొచ్చింది? తోట పని?"

"సుంకమ్మ పోయినాది గదా సార్, ఆయమ్మకు బదులు మేస్త్రీ ఆటోలో. ఆ మేస్త్రీకి ఒక మనిషి ఉంటే చాలు. ఈపొద్దు చీనీకాయలు అది కోస్తాండాది."

వేదికమీద నుంచి నందిని తల్లిని చూసింది. వీధిలో ఆటోలను ఆపే గొంతుతో "అమ్మా!" అని అరిచింది. అప్పుడు సిద్దమ్మ చెయ్యి పూర్తిగా పైకి లేచింది. జనం దారి ఇచ్చారు. ఆమె చెప్పులు కింద విడిచి, మెట్లెక్కి, బిడ్డ భుజానికి బ్యాడ్జీ గుచ్చింది. వంకరగానే గుచ్చింది. మేడం ఎక్కడో వెనక నుంచి ఈల కూడా వేశారు.

నేను కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. పక్క నుంచి ఆంజినప్ప నన్ను మోచేత్తో పొడిచాడు.

"సార్, ఇంగ నా చేతులిడ్సు సార్. చప్పట్లు కొట్టల్ల."