మామ వేసిన ట్రయల్

మామ పోయాడు. గురజాల నుంచి మరదలు ఫోన్ చేసి "నాన్న పోయాడు" అని రెండు మాటలే చెప్పింది. ఆస్పత్రి కాగితం మీద కారణం 'గుండె ఆగిపోవడం' అని రాశారు. గుండె ఆగకుండా పోయినవాళ్ళెవరైనా ఉంటే నాకు చూపించండి. ముప్ఫయ్యేళ్ళు నాపరాయి క్వారీలో దుమ్ము పీల్చి, వెల్లకిలా పడుకోవడానికి కూడా వీల్లేక, చివరి రెండేళ్ళూ మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయిన మనిషి ఆయన. ఆ దుమ్ము ఊసు మాత్రం ఏ కాగితం మీదా లేదు. బతికినన్నాళ్ళూ టీబీ అన్నారు, పోయాక గుండె అన్నారు.

మా అమ్మకు తమ్ముడు. ఆయన క్వారీ కూలి లేకపోతే నా చదువు పదో తరగతి దగ్గరే ఆగేది. బళ్ళో పంతులమ్మనైన నేను పత్రికల్లో వ్యాసాలు రాస్తానని, సభల్లో గట్టిగా అరుస్తానని మీలో కొందరికి తెలుసు. మామ ఎన్నడూ అరవలేదు. అరవడానికి ఊపిరి కావాలి.

నడుస్తూ పది అడుగులకొకసారి ఆగేవాడు. ఆయాసంతో ఆగాడని ఎవరూ అనుకోకూడదు. అందుకని ప్రతిసారీ ఒక పని కల్పించుకునేవాడు. తువ్వాలు దులిపేవాడు. ఎవరిదో మేకను శ్రద్ధగా చూసేవాడు. ఎదురొచ్చిన మనిషిని "ఏంది సంగతి, చానా రోజులైందే కనపడక" అని పలకరించి, అవతలివాళ్ళు జవాబు చెప్పినంతసేపూ ఊపిరి కూడదీసుకునేవాడు. ఊరంతా ఆయన్ని కబుర్ల మనిషి అనుకుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

మరదలంటే ఆయన కూతురు. భర్త వదిలి వెళ్ళాక తండ్రి దగ్గరే ఉంటూ నాపరాళ్ళ పాలిష్ మిల్లులో పనిచేస్తోంది. ఆమె కూతురు నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, బాగా పరిగెడుతుంది. యూనివర్సిటీ క్రాస్ కంట్రీ పరుగు జట్టులోకి తీసుకుంటే హాస్టల్లో ఉచితంగా ఉండి చదువు పూర్తి చేయొచ్చని కాలేజీ సారు చెప్పాడు. తీసుకోకపోతే తనతో పాటు మిల్లుకు తీసుకుపోతానని మరదలు తేల్చేసింది. ఆమెను తప్పుపట్టే హక్కు నెలాఖరు భయం తెలియని మనకెవరికీ లేదు. మామ మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు.

"నేను పీల్చా. నా కూతురు పీలుస్తంది. మూడో మనిషిని ఆ దుమ్ములోకి పోనియ్యను."

ఎంపిక పోటీ కొండ మీద. రాళ్ళు, కంకర, ముళ్ళకంప. మామూలు బూట్లతో క్వారీ బాట మీద సాధన చేస్తూ పిల్ల రెండుసార్లు జారి మోకాలు చీరేసుకుంది. ట్రైల్ రన్నింగ్ షూస్ కొనుక్కోమన్నాడు సారు. అంటే కొండదారుల్లో పరిగెత్తడానికి చేసే బూట్లు. వారం రోజులు ఫోన్లో వెతికాను. కొనగలిగినవి జారతాయి, జారనివి కొనలేం. ఆ రెంటి మధ్య మా కుటుంబం ఇరుక్కోవడం అదే మొదటిసారి కాదు. ఆస్పత్రి విషయంలోనూ అంతే, చదువుల విషయంలోనూ అంతే.

అలవాటుకొద్దీ మామ మంచం పక్కనే ఉపన్యాసం మొదలుపెట్టాను. కంపెనీల లాభాలు, ప్రకటనల మాయ, అన్నీ ఏకరువు పెట్టాను. వట్టి కాళ్ళతో పరిగెత్తి గెలిచిన పేదపిల్లల మీద ఒకప్పుడు నేను రాసిన వ్యాసాన్ని కూడా గుర్తుచేశాను. మామ ఓపిగ్గా విన్నాడు.

"బాగానే రాశావే. చెప్పులేసుకునేగా రాశావు?"

వట్టికాళ్ళ పిల్ల ఫొటో చూసి కళ్ళు చెమర్చుకునే పెద్దమనుషులతో పాటు నన్నూ నిలబెట్టి అడుగుతున్నాను. ఆ ఫొటోలో లేని జోడు ఎగ్గొట్టిందెవరు?

బూట్లు తానే చూసి కొంటానని పట్టుబట్టాడు మామ. మామ, పిల్ల, నేను ఆటోలో నరసరావుపేట వెళ్ళాం. చెప్పుల దుకాణం మేడ మీద ఉంది. మామ మెట్ల వంక చూసి, తువ్వాలు దులిపి, "ఆయన్నే కిందికి రమ్మనవే, గాలన్నా తగులుద్ది" అన్నాడు. దుకాణాయన గొణుక్కుంటూ మూడు జతలు పట్టుకుని దిగాడు.

"ఇయ్యి ట్రయల్ రన్నింగ్ షూస్, పెద్దాయనా. కొండలెక్కేటోళ్ళవి."

మామ ఆటోలోంచే చెయ్యి చాపాడు. మొదటి జోడు మధ్యకి వంచి చూసి పక్కన పెట్టాడు. "ఇది నడుం కాడ ఇరుగుతంది. కాలి ఏళ్ళ కాడ ఒంగాల." రెండోదాని అడుగు బొటనవేలి గోరుతో నొక్కాడు. గోరు దిగలేదు. "గట్టిది. లారీ టైరు చెప్పులు గూడా ఇంతే, తడి రాయి మీద తీసుకెళ్ళి పడేస్తయ్యి. మేం మెత్తటి స్కూటర్ టైరు కోసుకుని కుట్టించుకునేది అందుకే." మూడో జోడు మెరిసిపోయే చిలకపచ్చ. గోరు దిగింది. మెట్ల ముందు పరిచిన నాపరాయి మీద సీసాలో నీళ్ళు పొయ్యమన్నాడు. బూటులో చెయ్యి పెట్టి, ఆటోలోంచి ఒంగి, బలమంతా ఉపయోగించి ముందుకు నెట్టాడు. కదల్లేదు.

"ఆ రంగు ఎవరూ తీసుకోవట్లా, తాతా," అన్నాడు దుకాణాయన. "పాత మోడల్. మగోళ్ళ సైజు. తగ్గించి ఇస్తా."

"రాయికి రంగుతో పనేంది? ఎయ్యవే పిల్లా, ఏసుకుని ఆ సందు చివరి దాకా ఉరికి రా."

సందులో డ్రైనేజీ కోసం తవ్విన రాళ్ళ గుట్టలున్నాయి. దుకాణాయన అడ్డం వచ్చాడు. "అయ్యా, మట్టంటితే ఎనక్కి తీసుకోను!"

"ట్రయల్ బూట్లని నువ్వేగా అన్నావు? ట్రయల్ ఎయ్యకుండా ఎవడు కొంటాడు? క్వారీలో మోటారు పెట్టినా ట్రయల్ ఏసే తీసుకుంటాం."

నా పంతులమ్మ బుద్ధి ఊరుకుందా! "మామా, అది ట్రయల్ కాదు, ట్రైల్. ట్రైల్ అంటే బాట."

మామ నా వైపు తిరిగాడు. కళ్ళు నవ్వుతున్నాయి. "నోర్ముయ్యవే. నాకు తెలవదనుకున్నావా, పిల్ల చెప్పింది. నా కేసు ఇన్నేళ్ళైనా ట్రయల్‌కి రాలా. ఈ బూట్లన్నా రానీ."

అది దుమ్ము జబ్బుకు వేసిన నష్టపరిహారం కేసు. కూలీల హాజరు వేసే మస్టరు పుస్తకంలో ఈ మనిషి పేరే లేదని క్వారీ యజమాని అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషి లేడట. వాయిదా మీద వాయిదా. ప్రతి వాయిదాకూ మామ ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి, కోర్టు వరండాలో కూర్చుని వచ్చేవాడు. ఇప్పుడాయన నిజంగానే లేడు. యజమాని మాట నెగ్గింది.

పిల్ల రాళ్ళగుట్ట ఎక్కి, దూకి, వెనక్కి వచ్చింది. "తాతా, దిగేటప్పుడు ఏలు ముందుకి తగలట్లా!" దుకాణాయన కూడా నవ్వేశాడు.

ఆ తర్వాత మామ నెల కూడా లేడు. సెలక్షన్ ఆయన పోయిన ఆరో రోజున పడింది. వసారా నిండా పెద్దలు. మరదలికి పెదనాన్న వరసయ్యే ఆయన కుర్చీలోంచి కదలకుండా అన్నాడు: "పెద్దకర్మ కాకుండా ఆడపిల్లకి పరుగులేంది? మైలలో ఊరు దాటుద్దా?" నేను వాదించాను, అరిచాను, ఆచారాలను ఉతికి ఆరేశాను. వ్యాసాల్లో నేను గెలిచిన వాదనలన్నీ ఆ వసారాలో ఓడిపోయాయి. పిల్ల గోడకానుకుని కూర్చుని నేల చూస్తోంది.

మూలన ఉన్న మరదలు లేచింది. లోపలికి వెళ్ళి బూట్లు తెచ్చి, కూతురి ముందు కూర్చుని, పాలిష్ నీళ్ళకు పగిలిన వేళ్ళతో లేసులు ముడేసింది. తల ఎత్తకుండానే అంది:

"మూడో రోజే మిల్లోళ్ళు రమ్మంటే పోయాను పెదనాన్నా. ఊరు దాటే పోయాను. అప్పుడు మైలని మీరెవరూ అన్లేదే."

ఆయన మీసం సవరించుకున్నాడు. మేం ముగ్గురం బయటికి నడిచాం.

కొండకు అటువైపు ఏం జరుగుతోందో కింద నిలబడ్డవాళ్ళకు కనపడదు. జట్టులోకి ఆరుగురిని తీసుకుంటారు. మలుపు తిరిగి ఒక్కొక్కరే దిగుతున్నారు. మరదలు లెక్కపెట్టడం నాలుగు దగ్గర ఆపేసింది. ఐదో పిల్ల కూడా మా పిల్ల కాదు. చాలాసేపటికి, మాకు చాలాసేపే, కంకర జారే దగ్గర ఒక చిలకపచ్చ మెరుపు కనపడింది. జారలేదు. ఆరో మనిషి.

గీత దాటి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒంగిపోయింది. వీపు ఎగిరెగిరి పడుతోంది. మరదలు పరుగున వెళ్ళి ఆ వీపు మీద అరచెయ్యి ఆనించింది. సారు పేర్లు చదువుతున్నాడు, ఆమె వినడం లేదు. తెల్లారితే తనకు మళ్ళీ మిల్లు. పిల్ల ఊపిరి కొద్దికొద్దిగా నెమ్మదించి, మామూలైంది. నిటారుగా నిలబడి, "చాల్లే అమ్మా" అంది.

మరదలు చెయ్యి తియ్యలేదు.