తడి పత్తి

మా మేనమామ పోయి పన్నెండు రోజులైంది. "మామ ఇగ లేడు బిడ్డా" అని అత్త ఫోన్లో ఒక్క ముక్క చెప్పింది. వరంగల్‌లో రైలెక్కి కేసముద్రంలో దిగేదాకా నాకు ఏడుపు రాలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

మామ ముప్పై ఏళ్లు కేసముద్రం మార్కెట్లో ఒక వ్యాపారికి పత్తి కొనిపెట్టాడు. బస్తాలో పైన కనిపించే పత్తిని అసలు నమ్మేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడుమ నుంచి గుప్పెడు లాగి, చెంపకు ఆనించుకునేవాడు. చేతిని మోసం చేసే తడి చెంపకు దొరుకుతుందట. "తడి పత్తి అగ్గువకే ఇస్తరు. ఆరినంక తూకం పోతది, కొన్నోడు మునుగుతడు" అనేవాడు.

ఆ పని మానేశాక షేర్లు కొనడం నేర్చుకున్నాడు, అదే పద్ధతిలో. కంపెనీ లెక్కలు నాతో ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని నెల రోజులు చదివేవాడు. తెలియని ఇంగ్లీషు మాటకు నన్నే అర్థం అడిగేవాడు. నేను బ్యాంకులో పనిచేసేవాణ్ణి కదా, ఆ నిదానం చూస్తే నాకు నవ్వొచ్చేది.

రెండేళ్ల కింద ఒక విమానాల కంపెనీ షేరు బాగా పడింది. ఇంత అగ్గువకు మళ్లీ దొరకదు, కొను మామా అని వెంటపడ్డాను.

"ధర పడ్డదని సరుకు కొంటరారా? సరుకు మంచిగుండి ధర పడితే కొంటరు. జర సదువనియ్యి" అన్నాడు.

"నీకు పత్తి తెలుసు మామా, విమానాలు నీకేం తెలుసు? ఎన్నడన్న ఎక్కినవా?" అన్నాను. ఆ నోరు పడిపోయినా బాగుండేది.

వారం తర్వాత కొన్నాడు. అత్త మోకాలి ఆపరేషన్‌కు దాచిన డబ్బుతో. ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ మూతపడింది, షేరు చిత్తు కాగితమైంది. మామ నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడు పోయినా "తిన్నవారా?" అనే అడిగేవాడు. తిడితే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

నిన్న దినం ముగిశాక అత్త కాలీడ్చుకుంటూ వచ్చి, ఆ కంపెనీ కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది.

"మీ మామకు మనసొప్పలే బిడ్డా. సదువుకున్న అల్లుడు చెప్పినంక కాదంటే వాడు చిన్నబోతడని కొన్నడు."

కట్ట తిరగేశాను. ఒక పేజీ మూల మడిచి ఉంది. కంపెనీ విమానాలన్నీ కిరాయివే. ఎగిరినా ఎగరకున్నా కట్టాల్సిన కిరాయి అక్కడుంది. కొను కొను అని వెంటపడ్డప్పుడు నేను ఆ పేజీ చదవలేదు. ఆ అంకె చుట్టూ మామ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన వంకర అక్షరాలతో ఒక్క మాట రాసుకున్నాడు: "తడి."

తలెత్తేసరికి అత్త గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ, నాకు చాయ్ తేవడానికి లోపలికి పోతోంది.