సర్వేయరు వచ్చేదాకా

మా ఆయన హైడ్రా కొనేనాటికి మా మగ్గాలు ఆగిపోయి ఏడాది దాటింది. కుంఠా నాకా దగ్గర మా షెడ్డులో ఉన్న పవర్‌లూమ్‌లన్నీ పాత ఇనుము కొనేవాళ్లకు పోయాయి. వాటిని బయటికి మోసుకుపోవడానికి వచ్చిన హైడ్రాను చూశాకే ఆయనకు ఆ ఆలోచన పుట్టింది. హైడ్రా అంటే ముందు వైపు పొడవాటి ఇనుప బూమ్ ఉండే చిన్న క్రేను. బరువును ఎత్తి, దాన్ని అలాగే వేలాడదీసుకుని నడిచిపోగలదు. పేటల్లో షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి, అక్కల్‌కోట్ రోడ్డు వైపు కొత్త మేడలు లేస్తున్నాయి, రెండుచోట్లా ఎత్తి దించేవాడితో పని ఉంటుందని ఆయన లెక్క. అప్పు చేసి ఒక పాత బండి కొన్నాం.

ఇన్సూరెన్స్ దగ్గర మా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. నీలం నగర్‌లో మా వీధిలోనే ఉండే ఏజెంటు, ఈ మరాఠీ ఊళ్లో మా తెలుగువాడే, ఇంటికి వచ్చి కూర్చున్నాడు. పోలీసులు ఆపితే చూపించడానికి ఒక కాగితం ఉంటే చాలన్నది మా ఆయన మాట. ఎత్తే బండి కదా, బోర్లా పడితే ఏమవుతుందని నేను అడిగాను.

"రోడ్డు మీద పోతుంటె గుద్దుకుంటె ఇది పనికొస్తది అక్కా. బరువు లేపేటప్పుడు ఒరిగి పడ్డదనుకో, దీంట్ల రాదు. దానికి వేరే కట్టాలె" అన్నాడు ఏజెంటు.

ఆ వేరేది కూడా కట్టించాను. పని మొదలుపెట్టక ముందే పడిపోవడం గురించి మాట్లాడతావేమిటని మా ఆయన ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు. అలాంటి మాట నోట్లోంచి రాకూడదని ఆయన నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలు లేవు. మగ్గాలు పోతాయని ఎవరూ అనలేదు, అయినా పోయాయి.

ఆ తర్వాతి వానాకాలంలో భవాని పేట్‌లో ఒక పని వచ్చింది. ఇరుకు గల్లీ. మేడ మీద షెడ్డులోని మగ్గాలను కిందికి దింపి లారీకెక్కించాలి. అవి కూడా పాత ఇనుముకే పోతున్నాయి. గల్లీ మొదట్లో నిలబడి జనాన్ని ఆపే మనిషి ఆ రోజు రాలేదు. నేను వెళ్లాను. బండి కదిలేటప్పుడు అటు నుంచి బళ్లను, మనుషులను రానివ్వకుండా నిలబడటం నాకు కొత్త కాదు.

మొదటి మగ్గం చక్కగా దిగింది. రెండోదాన్ని ఎత్తి, గాల్లో పట్టుకుని, బండిని వెనక్కి తెస్తున్నాడు ఆయన. వానకు గల్లీ అంతా తడిసి ఉంది. రోడ్డు కింద పాత గటారు ఉందని, మురుగు పారే ఆ కాలవ మీద బండలు పరిచి పైన సిమెంటు పోశారని మాకెవరూ చెప్పలేదు. బహుశా అక్కడ ఉండేవాళ్లకూ గుర్తు లేదేమో. ముందు చక్రం కింద ఏదో విరిగిన చప్పుడైంది. బండి ఎడమకు ఒరిగింది. మగ్గం ఊగి, బెల్టు జారి, గల్లీలో పడి ముక్కలైంది. బూమ్ ఎదురింటి గోడ మీద వాలి ఆగింది.

నేను పరుగెత్తిన సంగతి నాకు గుర్తు లేదు. బండి దగ్గర ఉన్నాను, అంతే. ఆయన కుడి వైపు తలుపును పైకి తోసి, కిటికీలోంచి ఎక్కినట్టు బయటికి వచ్చాడు. మోచేయి గీసుకుపోయింది. ఇంజన్ ఆపానని రెండుసార్లు చెప్పాడు, నేను అడగకుండానే.

అప్పుడు ఆ ఎదురింట్లోంచి అరుపు వినిపించింది.

అది రేకుల ఇల్లు. కోడలూ అత్తా ఉంటారు. కోడలు నాకంటే పెద్దది, బీడీలు చుట్టి కార్ఖానాకు ఇస్తుంది. అత్తకు పక్షవాతం, మంచం దిగలేదు. బూమ్ సరిగ్గా తలుపు పైన ఉంది. ఇంకో దారి లేదు. మా ఆయనా, షెడ్డు యజమానీ, పక్కింటి ఇద్దరూ లోపలికి దూరారు. నేను బయట నిలబడి ఆ ఇనుప బూమ్‌నే చూస్తూ ఉండిపోయాను, చూస్తూ ఉంటే కదలదన్నట్టు. ముసలావిడను మంచంతో సహా బయటికి తెచ్చారు. ఆమె పైకి చూసి, ఇదేమిటని కోడలిని అడిగింది. కోడలు ఒళ్లో చాట పెట్టుకుని ఎలా కూర్చుందో అలాగే లేచి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ల నిండా తునికాకు ముక్కలు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది.

ఏజెంటుకు ఫోన్ చేశాను. అతను మాతో కంపెనీకి చేయించాడు. కంపెనీ వాళ్లు వివరాలు రాసుకుని, నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి చూసేదాకా బండిని ఉన్నచోటే, ఉన్నట్టే ఉంచమన్నారు. సర్వేయరు పుణె దగ్గర ఇంకో పని మీద ఉన్నాడు, మరుసటి రోజు పొద్దున గాని రాలేడు.

మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. చేయాల్సిందేమిటో ఎవరో చెప్పారు కదా, ఇక దాని ప్రకారం నడుచుకుంటే చాలు. ఒక బండ మీద కూర్చుని నీళ్లు తాగాడు. నేను మాత్రం గోడ చూస్తున్నాను. బూమ్ ఆనిన చోట ఒక పగులు ఉంది. మేం ఫోన్లలో ఉన్నంతసేపట్లో అది కిందికి దిగి, పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడ వైపు తిరిగింది. పక్కింట్లో చిన్నపిల్లలున్నారు. వాళ్లను కూడా బయటికి పంపించమని నేనే వెళ్లి చెప్పాను. గల్లీలో సామాన్లు, పిల్లలు, మంచం మీద ముసలావిడ. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

షెడ్డు యజమానికి తెలిసిన పెద్ద హైడ్రా ఒకటి కుంఠా నాకాలో ఖాళీగా ఉంది. దాని యజమాని ఇప్పుడే వచ్చి లేపుతానన్నాడు, పొద్దుగూకితే మాత్రం హైవే పనికి వెళ్లిపోవాలట. మా ఆయన వద్దన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు కదా, రేపు పొద్దుటిదాకా ఆగుదామన్నాడు. ముట్టుకుంటే క్లెయిము పోతుంది, బండి మీద అప్పు ఉంది, బాగు చేయించే దారి లేదు, ఇంకొకరి షెడ్డులో కూలికి మగ్గాలు నడపాలి అని ఒకదాని వెంట ఒకటి చెప్పాడు. అన్నీ నిజమే. ఇన్సూరెన్స్ లేకపోతే ఈ ఆలోచనలేవీ ఉండేవి కావు, ఆ క్షణమే లేపించేవాడు. కట్టించింది నేను.

బీడీల ఆవిడ అత్త మంచం పక్కన కూర్చుని ఇదంతా విన్నది. లేచి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"అది నీ బండి. ఇది నా ఇల్లు. రేపటిదాంక ఈ గోడ నిలబడతదని నువ్వు చెప్తవా?"

ఆయన కూర్చున్న బండ మీంచి లేచాడు.

"చెప్పు. చెప్తె నేను ఇక్కడనే కూసుంట. మా అత్తను లోపల పండుకోబెడత."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన నా వైపు చూశాడు, ఏదో ఒకటి నువ్వే చెప్పు అన్నట్టు.

ఏజెంటు దగ్గర సర్వేయరు నంబరు తీసుకుని నేనే చేశాను. చాలాసేపు ఎత్తలేదు. ఎత్తాక మరాఠీలో సంగతంతా చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. తను చూడకముందే తీస్తే ఏది పడినప్పుడు విరిగిందో, ఏది లాగినప్పుడు విరిగిందో తనెలా చెప్పగలనని అడిగాడు. పగులు పక్కింటి గోడ వైపు పోతోందని, పిల్లలు ఆ గల్లీలోనే ఉన్నారని, వాన వచ్చేలా ఉందని చెప్పాను.

"అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. చక్రం దిగబడ్డ చోటు, గోడ, బూమ్ కొస, అన్నీ. లేపేటప్పుడు వీడియో తీయండి. ఫోన్లో ఇంతకంటే నేనేమీ చెప్పలేను తాయీ" అన్నాడు.

అది అవునో కాదో నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగితే కాదంటాడేమోనని భయపడి ఫోను పెట్టేశాను.

ఫోటోలు తీశాను. బురదలో మోకాళ్ల మీద కూర్చుని చక్రం కింద తీశాను, షెడ్డు మేడెక్కి పైనుంచి తీశాను. కొన్ని మసకగా వచ్చాయి, మళ్లీ తీశాను. తర్వాత ఆయన దగ్గరికి వెళ్లి ఆ హైడ్రాను పిలిపించమన్నాను.

"పైసలు రాకుంటె?" అన్నాడు.

"రాకుంటె రానియ్యి. ఆ పిల్లల మీద గోడ పడితె ఏ కంపెనీ ఏమిస్తది మనకు?"

"నువ్వే కట్టిపిచ్చినవ్ గదా గీ ఇన్సూరెన్సు" అన్నాడు. కోపంగా కాదు. షెడ్డు యజమాని వైపు తిరిగి, రమ్మని చెప్పమన్నాడు.

పెద్ద హైడ్రా వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. గటారుకు దూరంగా నిలబెట్టి, మా బూమ్‌కు రెండు చోట్ల బెల్టులు వేశారు. జనాన్ని గల్లీ చివరలకు తరిమేశాం. నేను వీడియో తీస్తున్నాను. మెల్లగా ఎత్తుతుంటే మా బూమ్ గోడను వదిలింది. ఒక జానెడు లేచింది. అంతలో ముందు బెల్టు వాన తడికి జారింది. బూమ్ కొస ఒక్కసారిగా కిందికి వచ్చి గోడను కొట్టింది. గోడ లోపలికి కూలింది. రేకులు వంగి, దుమ్ము లేచి, ఆ ఇంటి లోపలంతా కనిపించింది. ముసలావిడ మంచం ఉండిన చోట ఇటుకలు కుప్పగా పడ్డాయి.

బీడీల ఆవిడ అత్త దగ్గరికి వెళ్లి ఆమె తల తన వైపు తిప్పుకుంది.

రెండోసారి గొలుసులు వేసి ఎత్తారు. ఈసారి లేచింది. చక్రం గటారులోంచి బయటికి వచ్చింది. బండిని వెనక్కి లాగి రోడ్డు మీదికి తెచ్చారు. పక్కింటి గోడకు పగులు తప్ప ఏమీ కాలేదు. మా బూమ్ కొస మాత్రం వంగిపోయింది. పొద్దున పడ్డప్పుడు అది సరిగ్గానే ఉంది.

ఆ అత్తాకోడళ్లను పక్కింటివాళ్లు తమ ఇంట్లో ఉంచుకున్నారు. మా ఇంటికి రమ్మని నేను అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

మరుసటి రోజు సర్వేయరు వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. కూలిన గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. గటారు గుంతలో కొలతలు తీసుకున్నాడు. బండి చుట్టూ తిరిగాడు. నా ఫోన్లో ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. అంతకు ముందే ఏజెంటు మమ్మల్ని పక్కకు పిలిచి, ఉన్న దెబ్బలన్నీ పడ్డప్పుడు తగిలినవేనని చెప్పమన్నాడు. బూమ్ కొస తీసిన ఫోటో రేకుల నీడలో సరిగ్గా రాలేదు, వీడియోలో దుమ్ము తప్ప ఏమీ కనిపించదు, ఎవరూ కనిపెట్టలేరని అతని ధైర్యం.

సర్వేయరు బూమ్ కొస మీద చెయ్యి పెట్టి, ఈ వంపు ఎప్పటిదని మా ఆయనను అడిగాడు.

నేను మా ఆయన ముఖం చూశాను. క్లెయిము పోతుందని ముందు రోజు బండి ముట్టుకోనివ్వనన్న మనిషి. ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. గోడ అవతల ఆ కోడలు ఇటుకల్లోంచి గిన్నెలు ఏరుకుంటోంది, మా మాటలు ఆమెకు వినిపిస్తూనే ఉంటాయి.

"లేపేటప్పుడు వంగింది సాబ్. మొదలు పడ్డప్పుడు సీదానే ఉండె" అని మరాఠీ, తెలుగూ కలిపి చెప్పాడాయన.

సర్వేయరు తలూపి రాసుకున్నాడు. నాకు ఆ క్షణంలో మా ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

డబ్బు రావడానికి చాలా వారాలు పట్టింది. ఒకటి ఇస్తే ఇంకొకటి అడిగారు. పడ్డప్పుడు తగిలిన దెబ్బలకు, పాత సామానుకు తగ్గింపులు పోను, ఇచ్చారు. లేపించిన ఖర్చులో కొంత ఇచ్చారు, ఇంకా పెద్ద నష్టం కాకుండా చేసిన పనేనని సర్వేయరు రాసినట్టు ఏజెంటు చెప్పాడు. బూమ్ కొసకు ఇవ్వలేదు. గోడ సంగతి అడిగితే, ఇతరుల ఆస్తికి పరిహారం కావాలంటే పోలీసు కేసు, కోర్టు అన్నారు. బీడీల ఆవిడ ఆ మాట వినగానే వద్దంది, కోర్టు చుట్టూ తిరిగితే బీడీలు ఎవరు చుడతారంది. గోడ మేమే కట్టించాం. మేస్త్రీ కడుతున్నన్ని రోజులూ బండి బాగు కోసం షెడ్డులో ఉంది కాబట్టి మా ఆయనే ఇటుకలు అందించాడు. ఆమె మాతో కలుపుగోలుగా ఏమీ మాట్లాడలేదు. గోడ పూర్తయిన రోజు మాత్రం మా ఇద్దరికీ చాయ్ పెట్టి ఇచ్చింది. అత్తను లోపలికి తీసుకుపోవడానికి మంచం ఒక వైపు పట్టుకోమని మా ఆయనకు చెప్పింది.

ఆ సాయంత్రం దారిలో నేను అడిగాను, సర్వేయరుకు అలా ఎందుకు చెప్పావని.

"అడిగిండు, చెప్పిన" అన్నాడు. కొంతదూరం పోయాక, "ఆమె వింటుండె గదా" అన్నాడు.

ఇప్పుడు ఆయన గల్లీల్లో పని ఒప్పుకోవడం తగ్గించాడు. తప్పనిసరై ఒప్పుకుంటే ముందు రోజే వెళ్లి, గునపంతో రోడ్డు పొడిచి చూస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తాడు. ఎవరైనా నవ్వితే పట్టించుకోడు. పాలసీ తిరిగి కట్టేటప్పుడు ఏజెంటు ఇంటికి తనే వెళ్లాడు. ఏం అడిగాడో నాకు చెప్పలేదు. ఏజెంటు మాత్రం తర్వాత కనిపించినప్పుడు, మీ ఆయన అంతసేపు కూర్చుని అన్నీ చదివించుకున్నాడు, నాకు చాయ్ చల్లారిపోయింది అక్కా అని నవ్వాడు.