రన్‌వే పక్కన బారులు తీరిన బండ్లు

మా వంటింట్లో నిప్పంటుకున్న రోజున వచ్చిన ఫైరింజన్ వాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వలేకపోయాను. నేను గ్లాసులు కడిగి తెచ్చేలోగా వాళ్ళు పైపులు చుట్టుకుని, ఢిల్లీలో మేముండే వసంత్ కుంజ్ మలుపు దాటిపోయారు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక, అప్పటినుంచి కనబడిన ప్రతి ఫైరింజన్‌నీ ఫోన్లో ఫోటో తీసి, ప్రింటు వేయించి, మళ్ళీ ఆ దారిన వెళ్ళినప్పుడు ఆ స్టేషన్‌లో ఇచ్చి దణ్ణం పెట్టి వస్తున్నాను. మావారు దీన్ని నా తీర్థయాత్ర అంటారు. అంటూనే కారు తీస్తారు, అది ఆయన మంచితనం.

ఆ శీతాకాలం ఒకరోజు పొద్దున్నే బయల్దేరి ఫరీదాబాద్, నోయిడా, ఘాజియాబాద్ చుట్టి, సాయంత్రానికి విమానాశ్రయం చేరాలనుకున్నాం. విశాఖపట్నం నుంచి మా అక్క వస్తోంది. విమానం ఎక్కడం ఆవిడకి అదే మొదటిసారి. "రైల్లో వస్తానే, నాకు భయం" అని ఎంత చెప్పినా నేను వినలేదు. ఆ మోకాళ్ళతో అంతదూరం రైల్లో ఏం కూర్చుంటావని దబాయించి టికెట్టు కొనిపించాను.

చిన్నప్పుడు నాకు మూర్ఛలు వస్తాయని బడికి పంపలేదు. అక్క బడినుంచి రాగానే పలక నా ఒళ్ళో పెట్టి, ఆ రోజు తనకి చెప్పిన పాఠమంతా నాకు చెప్పేది. నేను చదివే ప్రతి అక్షరం, రోజూ చదువుకునే సహస్రనామం, అన్నీ అక్క పెట్టిన భిక్షే.

ఆ రోజు గాలి బాగాలేదు. యమున దాటుతుంటే సూర్యుడు ఇత్తడి పళ్ళెంలా మసకగా ఉన్నాడు. ఫరీదాబాద్‌లో, నోయిడాలో స్టేషన్ వాళ్ళు సంతోషంగా బండి పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. ఘాజియాబాద్‌లో మాత్రం బండి అప్పుడే ఎక్కడినుంచో తిరిగి వచ్చింది. దాని కిందనుంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి. కాలిన ప్లాస్టిక్ వాసన. మెట్టు మీద కూర్చున్న మనిషి నా ఫోన్ చూసి తల కూడా ఎత్తకుండా, "ఆజ్ నహీఁ, దీదీ" అన్నాడు, ఇవాళ వద్దని. నేను ఫోన్ సంచిలో పెట్టేసుకున్నాను.

విమానాశ్రయం గోడకి కాస్త దూరంలో ఒక దాబా ఉంది. దాని మేడ మీదికెక్కితే రన్‌వే కనిపిస్తుంది, అవతల షెడ్డులో ఉండే పసుపుపచ్చ రెస్క్యూ బండ్లు, అంటే విమానాశ్రయం ఫైరింజన్లు, అగ్గిపెట్టెలంత కనిపిస్తాయి. టీ తెచ్చిన దాబా అతను నన్ను చూసి నవ్వాడు.

"ఫోటో మనా హై, ఆంటీజీ. పోలీస్ ఆయీ తో బోల్ దూంగా, యే మేరీ మౌసీ హై."

"ఇక్కడ ఫోటోలు తీయకూడదట. పోలీసులొస్తే తన పిన్నివని చెప్పి కాపాడతాడట," అన్నారు మావారు. "నీ ఫోటోలు చూపిస్తే వాళ్ళే వదిలేస్తారులే. సగం ఫోటోల్లో నీ వేలే ఉంటుంది."

నవ్వుకుంటూ నేను అటు తిరిగేసరికి, షెడ్డు ఖాళీగా ఉంది.

బండ్లన్నీ బయటికొచ్చి రన్‌వే పొడవునా ఒకదాని వెనక ఒకటి నిలబడుతున్నాయి. పైన దీపాలు తిరుగుతున్నాయి. సైరన్ లేదు. వెండి రంగు దుస్తుల్లో ఇద్దరు దిగి, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. అంతకుముందు ఎప్పుడు వచ్చినా అవి షెడ్డులోంచి కదిలింది లేదు.

"ఏమండీ, ఇన్నాళ్ళకి బయటికొచ్చాయండీ!" అని పిల్లదానిలా అరిచి ఫోటోలు తీస్తూనే ఉన్నాను.

ఆయన టీ గ్లాసు గోడ మీద పెట్టారు. "ఆపు," అన్నారు. "నిప్పు లేదు, పొగ లేదు. వాళ్ళు పైకి చూస్తున్నారు. ఏదో విమానానికి ఇబ్బందొచ్చింది. ఇంకా దిగలేదు."

అక్క విమానం వచ్చే వేళ అదే.

ఆయన ఫోన్లో విమానాలు కనిపించే మ్యాప్ తెరిచారు. అక్క విమానం ఢిల్లీ పక్కనున్న ఝజ్జర్ మీద గుండ్రంగా తిరుగుతోంది. "ఢిల్లీలో ఇది మామూలే, రద్దీకి తిప్పుతారు," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. రన్‌వే మీద వేరే విమానాలేవీ దిగడం లేదు, లేవడం లేదు. ఢిల్లీలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

మాది కాకుండా చూడు తండ్రీ అని మొదట మొక్కుకున్నాను. మరుక్షణం అనిపించింది: మాది కాకపోతే ఇంకొకరిది. అందులోనూ ఎవరో అక్క ఉంటుంది. ఆ మొక్కు వెనక్కి తీసుకుని సహస్రనామం మొదలుపెట్టాను. కొన్ని నామాలు దాటాక ఆగిపోయింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అక్కడే ఆగిపోతోంది.

"తిరగడం ఆపింది," అన్నారాయన. "ఇటే వస్తోంది."

మసకలోంచి దీపాలు కనబడ్డాయి. విమానం ఒక పక్కకి కాస్త ఒరిగి, మామూలు కంటే వేగంగా వచ్చినట్టనిపించింది. చక్రాలు నేలను తాకగానే పొగ లేచింది. బండ్లన్నీ ఒక్కసారిగా కదిలి దాని వెంట పరిగెత్తాయి. చివరికి అన్నీ చెట్ల వెనక్కి వెళ్ళిపోయాయి.

ఆ చెట్ల మీద నల్లటి పొగ లేస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాం. ఆ పూట గాలిలో పొగ ఏదో, మామూలు మసక ఏదో తెలియడం లేదు. దాబా అతను కూడా మా పక్కకొచ్చి నిలబడి, "వాహెగురు, వాహెగురు" అనుకుంటున్నాడు. అక్క ఫోన్ స్విచ్చాఫ్. మళ్ళీ చేశాను. స్విచ్చాఫ్. మళ్ళీ.

తర్వాత ఆ నంబరు మోగింది.

"దిగానే," అంది అక్క. "బస్సులో ఎక్కిస్తున్నారు. నువ్వు గేటు దగ్గరే ఉండు."

గేటు బయటికి అక్క చక్రాల కుర్చీలో వచ్చింది, ఒళ్ళో ఊరగాయ సంచి. నన్ను చూడగానే, "ఎందుకే ఆ ఏడుపు? జనం చూస్తున్నారు," అని కసిరింది. మావారు సంచి అందుకుంటూ, "భయపడ్డారా, వదినగారూ?" అని అడిగారు.

"భయమెందుకు, మరిదిగారూ? ఇంజన్లో పిట్ట పడిందన్నారు. తల వంచి కూర్చోమన్నారు, సరే దణ్ణం పెట్టుకోమంటున్నారు కాబోలని పెట్టుకున్నా. కిటికీలోంచి చూద్దును కదా, దీపాలేసుకుని బండ్లే బండ్లు మా పక్కన పరిగెడుతున్నాయి. ఢిల్లీ కదా, ఎవరో మంత్రిగారు మాతో వస్తున్నారనుకున్నా!"

ఆయన పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా అక్క కూడా నవ్వింది.

కారులో వెనక సీట్లో నేనూ అక్కా కూర్చున్నాం. మహిపాల్‌పూర్ దాటాక అక్క నా చెయ్యి పట్టుకుంది. తన చెయ్యి చల్లగా ఉంది. నా గాజులు చర్మంలోకి దిగేంత గట్టిగా పట్టుకుని, ముందు సీటుకి వినబడకుండా, నా చెవి దగ్గర అంది:

"మంత్రి ఎవరూ లేరని నాకు తెలుసే. నా పక్కన కూర్చున్న పిల్ల వాళ్ళమ్మకి ఫోన్లో మెసేజీ పెట్టుకుంటూ ఏడ్చింది. నాకు మెసేజీ పెట్టడం రాదు."

ఇల్లు చేరేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు. నేనూ తీసుకోలేదు.